బొడ్డు కోసిన చెయ్యి

1948 నవంబర్ 14, ఆదివారం

మా చెల్లె సీతాబాయి పట్నం నుంచి వచ్చింది. లింగంపల్లి స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వచ్చిందట. కబురు పెడితే బండి కట్టేవాణ్ణి. పెట్టలేదు. చేతిలో నల్ల తోలుసంచి. అందులో కత్తెర, దారపుండ, మందు సీసాలు. సర్కారువాళ్ళు ఇచ్చారట.

పోయిన చలికాలంలో వెళ్ళింది. మధ్యలో రజాకార్ల గొడవ, తర్వాత మిలిటరీ రావడం. చాలాకాలం బతికి ఉందో లేదో కూడా తెలియలేదు. ఇప్పుడు కాన్పులు చేసే నర్సమ్మ అయి వచ్చింది. మా నల్లగండ్ల, తెల్లాపూర్, గోపన్‌పల్లి ఆమెకు అప్పజెప్పారు. ఈ చుట్టుపక్కల చదవను రాయను వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. అందుకే ఎంచుకున్నారు. అక్షరాలు నేర్పింది నేను. నాకు నేర్పినవాళ్ళు లేరు. నూనె డబ్బాల మీద పేర్లు చూసి కూడబలుక్కున్నాను.

అమ్మకు ఎడమ పక్క పడిపోయింది కదా, కుడి చేత్తోనే సీత ముఖమంతా తడిమింది.

"బక్కగైనవ్ బిడ్డా. దవాఖానల బువ్వ పెట్టరా?"

"పెడతరవ్వా. పప్పుల ఉప్పు ఏసుడు మర్సిపోతరు."

నా భార్య చంద్రమ్మ పొయ్యి దగ్గర నుంచి నవ్వింది. ఇంట్లో ఆడవాళ్ళ నవ్వు విని చాలా రోజులైంది.

నువ్వులు ఆడించాను. గానుగ పిండి పటేల్ ఇంటికి పంపాను.

నవంబర్ 16

కులపెద్ద లింగమూర్తి వచ్చాడు. నూనె కోసం కాదు. గానుగ దగ్గర రాయి మీద కూర్చుని ఎద్దు తిరగడం చూశాడు. మంచి మనిషి. మా నాయన పోయినప్పుడు ముందు భుజం ఇచ్చింది ఆయనే.

"బాలనర్సయ్యా, నీ చెల్లె ఏం పని నేర్సుకొనొచ్చింది?"

"కాన్పులు."

"మందులిచ్చే పని అని పంపితివి గద?"

"మందులు కూడ ఇస్తది."

"మొగడు పోయిన పిల్ల, నాలుగు మెతుకులు సంపాదించుకుంటె నాకు కడుపుమంట లేదు. ఒక్కటడుగుత, చెప్పు. బొడ్డు కోస్తదా?"

నేను గానుగలో గింజలు ఎగదోశాను.

"బొడ్డు కోసుడు మంత్రసాని బుచ్చమ్మ పని. ఆమె అత్త చేసింది, ఆమె అత్త అత్త చేసింది. మనింటి ఆడది అదే కోసి, అదే చెయ్యితోటి నీకు బువ్వ పెడితె, ఆ బువ్వ తిన్న నువ్వు మా పంక్తిల ఎట్ల కూసుంటవ్?"

ఎద్దు ఇంకో చుట్టు తిరిగి వచ్చింది. అప్పుడు నాకు తోచింది. సీత కాన్పు చేస్తుంది, బొడ్డు మాత్రం బుచ్చమ్మనే పిలిచి కోయిస్తుంది అన్నాను. లింగమూర్తి ఆలోచించాడు.

"మాటనా?"

"మాట."

ఇందులో ఎవరికీ నష్టం లేదు. బుచ్చమ్మ హక్కు బుచ్చమ్మకు ఉంటుంది. సీత ఉద్యోగం సీతకు ఉంటుంది. సీతకు కూడా ఇదే మంచిది.

నవంబర్ 17

సీతకు చెప్పాను. ఆమె కత్తెరకు నూనె రాస్తోంది.

"అన్నా, తల్లిని నొప్పులల్ల పట్టుకునేది నేను. పిల్లను పట్టేది నేను. మాయ తీసేది, నెత్తురు కడిగేది నేను. అవన్ని చేస్తె కులం పోదు, ఒక్క బొడ్డు కోస్తె పోతదా?"

"కులం గట్లంటది."

"నువ్వేమంటవ్?"

అమ్మ మంచం మీద నుంచి మమ్మల్నే చూస్తోంది. మాట ఇచ్చానని చెప్పాను. సీత కత్తెర సంచిలో పెట్టేసింది. సరే అంది.

నవంబర్ 20

మంత్రసాని బుచ్చమ్మ వచ్చి వాకిట్లో నిలబడి సీతను తిట్టిపోసింది. తిట్లలో కోపం లేదు.

"నర్సయ్యా, నీ చెల్లె నా కొడవలిని కుండల ఏసి ఉడకబెట్టింది! నలభై ఏండ్ల సంది కోస్తున్న, కొడవలికి గంజి వార్సుడు నేను యాడ సూడలె."

"ఉడకబెట్టకుంటె పిల్లలకు వాతం వస్తదత్తా," అంది సీత.

"వస్తె దేవుడు తీస్కపోతడు. నీ పొయ్యి కట్టెలు దేవుడిస్తడా?"

పోతూ పోతూ కుండ ఎంతసేపు మరగాలో అడిగి పోయింది.

నవంబర్ 29

గోపన్‌పల్లిలో కాన్పు. ఆడపిల్ల. సీత పట్టింది, బుచ్చమ్మ కోసింది. ఏ గొడవా లేదు. నేను చేసిన ఏర్పాటు బాగానే నడుస్తోంది.

డిసెంబర్ 6

అమ్మకు దగ్గు ఎక్కువైంది. సీత కషాయం పట్టించి, వీపు నిమిరి పడుకోబెట్టింది. సీత బయటికి వెళ్ళాక అమ్మ నన్ను దగ్గరికి రమ్మంది.

"పుప్పాలగూడల సాయిలు తల్లి పీనుగ యాదికున్నదా?"

గుర్తుంది. సాయిలు కులం తప్పినవాడు. తల్లి చనిపోతే కులంవాళ్ళు ఎవరూ గడప తొక్కలేదు. నూనె బండి మీద వేసుకుని ఒక్కడే తోలుకుపోయాడు. దారిలో పెద్ద రాతి గుండ్ల దగ్గర చక్రం ఎగిరితే శవం జారి పడింది. మేము ఆ ఊళ్ళో చుట్టాల ఇంటి ముందు నిలబడి చూశాం. అమ్మ కూడా చూసింది.

"నన్ను బండెక్కియ్యకు బిడ్డా. నలుగురు మొయ్యాలె."

మోస్తారు అన్నాను.

డిసెంబర్ 12, ఆదివారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

గుండ్ల అవతల గొర్రెలు కాచుకునే పోచయ్య పొద్దున్నే పరుగెత్తి వచ్చాడు. భార్య నీలమ్మకు తొలి కాన్పు, రాత్రి నుంచి నొప్పులు. బుచ్చమ్మ తెల్లాపూర్‌లో చుట్టాల ఇంట్లో ఉంది. ఆమె కోసం పోచయ్య తమ్ముణ్ణి అటు పంపి, సీతను నేను బండి మీద తీసుకువెళ్ళాను.

మగవాళ్ళం బయట కూర్చున్నాం. పోచయ్య గడ్డిపోచ కొరుకుతూనే ఉన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి లోపల అరుపులు ఎక్కువయ్యాయి. తడిక వెనక నుంచి సీత పిలిచింది.

"అన్నా, బుచ్చమ్మ కనపడ్తుందా?"

లేచి బాట వైపు చూశాను. మేకలు తప్ప ఎవరూ లేరు. లేదు అన్నాను.

"ఆ గుండు ఎక్కి చూడు."

ఎక్కి చూశాను. తాటిచెట్ల దాకా బాట ఖాళీగా ఉంది.

"లేదు సీతా."

లోపల అరుపులు ఆగిపోయాయి. పోచయ్య లేచి నిలబడ్డాడు. పోచయ్య తల్లి లోపల ఎల్లమ్మను మొక్కడం వినిపించింది. తర్వాత చిన్న దెబ్బల చప్పుడు, ఎవరో పసిబిడ్డ వీపు మీద కొట్టినట్టు. ఆ తర్వాత ఏడుపు. పోచయ్య కూలబడి రెండు చేతులతో మట్టి తీసుకుని నెత్తిన పోసుకున్నాడు. మగపిల్లవాడు.

బుచ్చమ్మ వచ్చేసరికి తల్లీబిడ్డలకు స్నానం కూడా అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో సీత చెప్పింది.

"పేగు మెడకు సుట్టుకున్నదన్నా. రెండు సుట్లు. తలకాయ బయటికొచ్చింది, ఇగ కదలదు. మొకం నేరేడుపండు లెక్కయింది. రెండు దిక్కుల దారం కట్టి నడుమ కోసిన. నేనే కోసిన."

కొంత దూరం పోయాక అంది, "నిన్ను రెండు మాట్ల అడిగిన. రెండో మాటు అడగకుండ ఉండాల్సుండె. గంత సేపు కూడ పిల్లగానిదే."

ఎవరికీ చెప్పకు అన్నాను. తల ఊపింది. పోచయ్యకు కూడా చెప్పాలి, ఈ సంగతి బయటపెట్టవద్దని. వాళ్ళ ఇంటి ముందే చెప్పాలనుకున్నాను. అంత సంతోషంలో ఉన్న మనిషికి ఎలా చెప్పాలో తెలియలేదు. రేపు చెబుతాను.

డిసెంబర్ 13

ఆముదం ఆడించాను. పోచయ్య దగ్గరికి వెళ్ళడానికి తీరలేదు.

డిసెంబర్ 17

పోచయ్య అంగడిలో కనిపించాడు. చేయి పట్టుకుని వదల్లేదు. చుట్టూ మనుషులున్నారు. చెప్పలేకపోయాను. తెలివిగలవాడే, తనంతట తనకే అర్థమై ఉంటుంది.

డిసెంబర్ 22

అర్థం కాలేదు.

ఈ రోజు వాళ్ళింట్లో పురుడు. పొద్దెక్కాక డప్పు చప్పుడు మా వాడ వైపు రావడం విన్నాను. ముందు డప్పు, వెనక పోచయ్య, వాడి వెనక వాడి తల్లి. ఆమె నెత్తి మీద చేట. చేటలో బియ్యం, పసుపు, ఎండుకొబ్బరి, కొత్త రవిక గుడ్డ. బొడ్డు కోసిన మంత్రసానికి ఇచ్చే చేట. దాన్ని తెచ్చి మా గడప ముందు దించారు.

గానుగ దగ్గర లింగమూర్తి బావమరిది నూనె పోయించుకుంటున్నాడు.

"నర్సమ్మా, రా బిడ్డా!" అని అరిచింది పోచయ్య తల్లి. "బొడ్డు కోసిన చెయ్యికి చేట పెట్టకుంటె పిల్లగాడు తొట్లె పండడు. బుచ్చమ్మకు ఇద్దామన్నరు మావోళ్ళు. నేనొద్దన్న. కోసినోళ్లది కోసినోళ్లకే ముట్టాలె అన్న."

"పేరు కూడ నీదే పెడ్తుంటిమమ్మా, మొగపిల్లగాడు అయిపాయె!" అన్నాడు పోచయ్య. డప్పు కొట్టేవాడు కూడా నవ్వాడు.

సీత గడపలోకి వచ్చింది. చేట చూసింది. తర్వాత నన్ను చూసింది. నాది కాదు, బుచ్చమ్మది అని ఆమె ఒక్క మాట అంటే సరిపోయేది. నేనైనా అనవచ్చు. నేను గానుగ వైపు తిరిగి, ఆగకుండా తిరుగుతున్న ఎద్దును అదిలించాను. మళ్ళీ చూసేసరికి చేట సీత చేతుల్లో ఉంది. పోచయ్య తల్లి ఆమె కాళ్ళకు పసుపు రాస్తోంది.

లింగమూర్తి బావమరిది నూనె గిన్నె అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 24

బుచ్చమ్మ వచ్చింది.

"నా చేట గుంజుకుంటివి గద పిల్లా! పొయ్యి పొయ్యి ఆ గొర్లోళ్ళ చేట! బియ్యంల సగం రాళ్ళుంటయ్."

"నువ్వే తీస్కపో అత్తా," అంది సీత.

బుచ్చమ్మ అరుగు చివర కూర్చుని నాతో మాట్లాడింది, ఈసారి మెల్లగా. "ఆదివారం కులం కూసుంటదట గద. ఫికర్ చెయ్యకు నర్సయ్యా. నేనొచ్చి చెప్త. నేనే కోసిన, కోసి అలసిపోయి మూలకు పండితె, నర్సమ్మే కోసిందనుకొని ఆ ముసల్ది చేటను తప్పు జాగకు మోసిందని చెప్త. మీ చెల్లెను నోరు మూస్కొనుమను. గంతే."

ఆమె మా కులం మనిషి కాదు. ఆమెకు ఇందులో వచ్చేదేమీ లేదు. నేను చేతులు జోడించాను. అమ్మ కూడా మంచం మీద నుంచి కుడి చెయ్యి ఎత్తింది.

డిసెంబర్ 26, ఆదివారం

లింగమూర్తి ఇంటి ముందు కులం కూర్చుంది. బుచ్చమ్మ దూరంగా నిలబడి, చెప్పినట్టే చెప్పింది. చెబుతూ పోచయ్య తల్లిని నాలుగు తిట్టింది కూడా. కొందరు నవ్వారు. లింగమూర్తి ముఖం తేటపడింది. ఆయనకూ ఇది తెగిపోతే చాలు. నాకు తెలుసు.

"అయితె చేట తొవ్వ తప్పింది. ఇగ లేద్దామా?" అన్నాడు.

సీత లేచి నిలబడింది.

"బుచ్చమ్మ లేకుండె. నేనే కోసిన."

బుచ్చమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓ పిచ్చిదానా, కూసో!"

"నువ్వు కోసినవంటె ఇయ్యాల సక్కగనే ఉంటదత్తా. రేపు ఇంకొకలకు మెడకు సుట్టుకుంటది. అప్పుడు మా అన్న మళ్ల గుండు ఎక్కి తొవ్వ చూడాలె. నేను పిల్లను చేతుల పట్టుకొని ఆగాలె." ఆమె లింగమూర్తి వైపు తిరిగింది. "నేనాగను. మళ్ల గట్లయితె మళ్ల కోస్త. తెలిసే చెప్తున్న."

లింగమూర్తి నన్ను చూశాడు. "నువ్వేమంటవ్ బాలనర్సయ్యా?"

నేను తలరుమాలు సర్దుకున్నాను. అనడానికి ఏముంది?

మా ఇంటితో నిప్పు, నీళ్ళు, పంక్తి బంద్.

డిసెంబర్ 28

గానుగకు ఎవరూ రాలేదు. అమ్మ నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. ఒకటే మాట. బండెక్కియ్యకు, బండెక్కియ్యకు.

సీత అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని విన్నది. తర్వాత గానుగ దగ్గరికి వచ్చింది.

"బాచుపల్లిల ఉండెతందుకు ఒక అర్ర ఇస్తమన్నరు సర్కారోళ్ళు. ఆ దిక్కు నర్సమ్మ లేదంట. నేను పోతె సరిపోతదా అన్నా?"

"సరిపోతది."

"కులమోళ్ళు అవ్వను మోస్తరా?"

"మోస్తరు."

నా మాట నమ్మింది.

డిసెంబర్ 30

సీత వెళ్ళింది. బండి కడతానన్నాను, వద్దంది. తోలుసంచి, ఒక మూట. పాత చీర ఒకటి దండెం మీదే వదిలేసింది. చంద్రమ్మ మియాపూర్ బాట దాకా తోడు వెళ్ళి వచ్చి పొయ్యి ముందు కూర్చుంది. వంట చేయలేదు.

బాచుపల్లిలో ఆమెను అడిగేవాళ్ళు ఉండరు. సీతకు కూడా ఇదే మంచిది.

1949 జనవరి 2

గానుగ ఆడలేదు.

జనవరి 4

లింగమూర్తి వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. నీళ్ళు ఇవ్వలేదు, ఇస్తే తాగడు కదా.

"పోయింది సరే. ఏడికి పోయింది? నాలుగు కోసుల అవతలికి. దసరకు రాదా? మీ అవ్వకు పాణం మీదికొస్తె రాదా? కులమోళ్ళు అదే అడుగుతున్నరు."

"ఏం చెయ్యమంటరు?"

చేతికర్రతో మట్టిలో గీతలు గీశాడు.

"నాకు మాత్రం ఇష్టమా? నా పెండ్లిల మీ అవ్వ ఆరతి పట్టింది. ఆమె పాడె నేను మోస్త. మొయ్యనియ్యుమనే నిన్ను అడుగుతున్న. పిల్లకు దినం చెయ్యి. సచ్చినోళ్లకు చేసినట్టే. అటెన్క ఆమె ఉన్నా మీకు లేనట్టే. ఎవ్వరు నోరెత్తరు."

అమ్మ అంతా విన్నది. గోడ చాలా పలుచన. నేను లోపలికి వెళ్ళేసరికి కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"చెయ్యి," అంది.

జనవరి 9, ఆదివారం

అయిపోయింది.

జనవరి 10

నిన్న రాయలేకపోయాను.

చెరువు అవతల గడ్డితో బొమ్మ చేశారు. చీర కావాలన్నారు. దండెం మీద ఉన్న చీరను చంద్రమ్మ మడత పెట్టి ఇచ్చింది. మొదట ఉతికింది, ఆరబెట్టింది, అప్పుడు మడత పెట్టింది. బొమ్మకు చుట్టారు. నిప్పు నేనే పెట్టాను. గడ్డి కదా, తొందరగా అయిపోయింది. తల, మీసం తీయించుకున్నాను. కుండ పగలగొట్టాను. వెనక్కి చూడకుండా రావాలి. చూడలేదు.

మధ్యాహ్నం కులం వాళ్ళంతా మా ఇంట్లో తిన్నారు. లింగమూర్తి నా పక్కన కూర్చున్నాడు. నా విస్తరిలో ఆయనే అన్నం వడ్డించాడు. వంకాయ కూరలో కారం ఎక్కువైందని ఎవరో అన్నారు.

అమ్మ తన మంచం గోడ వైపు తిప్పమంది. తిప్పాను. ఏమీ తినలేదు. సాయంత్రం అడిగింది.

"దానికి తెల్వది గద?"

"తెల్వది."

"గట్లనే ఉండనియ్యి బిడ్డా."

జనవరి 12

జనం నూనెకు వస్తున్నారు. అందరూ మామూలుగానే మాట్లాడుతున్నారు. పల్లీలు ఆడించాను. అమ్మ కొంచెం జావ తాగింది.

జనవరి 15

బుచ్చమ్మ ఎదురైంది. నా తల చూసి, నన్ను పలకరించకుండా పక్కకు తప్పుకుని పోయింది. గోపన్‌పల్లిలో కాన్పుకు సీత కోసం మనిషి వచ్చాడు. లేదని చెప్పాను. ఎప్పుడు వస్తుందని అడిగాడు.

జనవరి 19, బుధవారం

ఆముదాల కోసం బండి కట్టుకుని బాచుపల్లి వైపు వెళ్ళాను. మియాపూర్‌లోనే దొరికేవి. అక్కడ ధర ఎక్కువ చెబుతారని ముందుకు పోయాను.

ఊరు ఇంకా రాకముందే, చేల మధ్య బాట మీద సీత ఎదురుగా వచ్చింది. ఎవరింట్లోనో కాన్పు చేసి వస్తోంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, చేతిలో తోలుసంచి. నన్ను దూరం నుంచే గుర్తుపట్టి నడక పెంచింది.

"అన్నా! ఇయ్యాల కవలపిల్లలు! రెండు బొడ్లు నేనే..."

అక్కడికి ఆగిపోయింది.

"మీసమేది?"

నేను పగ్గాలు సర్దుకున్నాను. ఆమె చక్రం మీద కాలు పెట్టి నా తలరుమాలు లాగేసింది. సంచి చేతిలో నుంచి జారిపోయింది.

"అవ్వ పోయిందా? నాకు కబురు చెయ్యకపోతిరా అన్నా? కులం తప్పితె అవ్వ మొకం కూడ చూడనియ్యరా?"

"అవ్వ ఉన్నది."

"నా మీద ఒట్టు పెట్టు."

ఆమె మీద ఒట్టు వేయడానికి నాకు నోరు రాలేదు.

"ఉన్నది సీతా. పొద్దుగాల జావ తాగింది. నువ్వు యాదికొస్తున్నవన్నది."

రెండో మాట అబద్ధం. అమ్మ ఆమె పేరు ఎత్తడం లేదు. సీత బాట పక్కన కూర్చుండిపోయింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. "నా పాణం పోయిందనుకో," అంది. కొంతసేపటికి, "మరెవరు?"

"మనోళ్ళే. ఆడమనిషి."

"పేరు?"

"నీకు యాది ఉండదు."

"ఎట్ల పోయింది? కాన్పులనా?"

తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు. ఆ మాట ఆమే అందించింది, నేను తీసుకున్నాను.

"దగ్గర్ల నర్సమ్మ లేకుండెనా?"

"లేకుండె."

"నన్ను పిలిస్తె వస్తుంటి గద అన్నా," అంది. "కులం ఒద్దంటె ఒద్దననియ్యి. మనిషి బతుకుతుండె గద."

లేచి సంచి బండిలో పెట్టింది. చేనులో మోటబావి ఉంది. అటు నడిచింది. ఎక్కడికి అన్నాను.

"చావు విన్నంక నెత్తి మీద నీళ్ళు పోసుకోవద్దా? మీరు పిలవకున్నా మైల నాది కూడ గద. నెత్తురు ఏడికి పోతది?"

వద్దన్నాను. చలిగా ఉంది అన్నాను. ఆమె వినలేదు. బావి గట్టు దగ్గర తొట్టి పక్కన రాయి మీద కూర్చుని, ముడి విప్పి జుట్టు ముందుకు వేసుకుంది. ఆ పేరు తెలియని మనిషి కోసం కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది.

"నువ్వే పొయ్యన్నా. ఒక్కదాన్ని పోసుకుంటె ఎనకదిక్కు తడవది."

చేద వేసి తోడాను. సీత తల వంచింది.

నేనే పోశాను.